తీరగ్రామముల రక్షణ: ప్రణాళికయు, వ్యయమును
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రామసీమలలో ప్రజల రక్షణకు ప్రణాళికలు ఎట్లు వేయుదురో, ధనము ఎచటినుండి వచ్చునో చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఇది పెద్ద విషయము. దొంగతనములు, కొట్లాటలు, పోలీసుఠాణాలు, అగ్నిప్రమాదములు అన్నియు ఇందులో చేరును. అన్నిటిని తడవిన యెడల దేనిని గూర్చియు చెప్పినట్లు కాదు. కావున ఒక్క అపాయమును మాత్రమే తీసికొందును. అది సముద్రతీర గ్రామములకు తుఫాను వలనను, ఉప్పెన వలనను కలుగు అపాయము. మనలో శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు గల తీరమునకు చెందినవారు చాలమంది కలరు గనుక ఇది మీకు పరాయి విషయము కాదు.

ముందుగా ఒక భేదమును గుర్తుంచుకొనవలెను. గాలికి ఇండ్లు పోవును, చెట్లు పోవును. మనుష్యులను మూకుమ్మడిగా తీసికొనిపోవునది నీరు. తుఫాను తీరము దాటునప్పుడు సముద్రము ఉబ్బి భూమిపైకి వచ్చుటనే మనవారు ఉప్పెన అనిరి. అది వచ్చిన చోట పరుగెత్తుటకు వ్యవధి యుండదు. ఎత్తయిన చోటు లేనివాడు బ్రతుకుట దుర్లభము. కృష్ణా, గోదావరీ నదుల ముఖద్వారములందలి నేల పళ్లెమువలె చదునైనది. అచట ఎత్తయిన చోటు అనునది మనుష్యుడు కట్టుకొనవలసినదే గాని ప్రకృతి ఇచ్చినది కాదు.

1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీన మచిలీపట్నమును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది మరణించిరి. అంతకు నెలదినముల ముందే కలకత్తాలో అట్టి తుఫానే వచ్చియుండెను. ఈ అనుభవములును, తరువాత వచ్చిన కరవులును కారణముగా 1875లో ప్రభుత్వము భారత వాతావరణశాఖను నెలకొల్పెను. అనగా రాబోవు ఆపదను ముందుగా తెలిసికొనుటకు ఖజానానుండి ధనము పెట్టవలెనని నూటయేబది సంవత్సరముల క్రిందటనే అంగీకరింపబడినది. తెలిసికొనిన తరువాత ప్రజలు ఎక్కడికి పోవలెననుటకు సమాధానము మరి నూరేండ్లవరకు దొరకలేదు.

ఆ సమాధానము 1977 నవంబరు 19న దివిసీమలో వెదకవలసి వచ్చినది. ఆనాటి ఉప్పెన ఎత్తు అయిదు మీటర్లవరకు ఉండెనని చెప్పుదురు. నాగాయలంక, కోడూరు ప్రాంతముల గ్రామములు నీటిపాలయినవి. సొర్లగొంది వంటి ఊళ్లపేరు విన్నచో నేటికిని అచటి పెద్దలు మాటలాడుట మానివేయుదురు. చనిపోయినవారు పదివేలమంది అని సాధారణముగా చెప్పు లెక్క. ఆ దినములలో అవనిగడ్డ ప్రాంతమున సహాయకార్యములకు తమ్ము తాము అంకితము చేసికొనిన శ్రీ మండలి వెంకటకృష్ణారావుగారు, 1975లో హైదరాబాదున జరిగిన మొదటి ప్రపంచ తెలుగు మహాసభల నిర్వహణకు ప్రధాన బాధ్యత వహించినవారే. తెలుగు సంఘములకు అట్లు చిరస్మరణీయులైనవారు మూడేండ్లు గడవకముందే శవసంస్కారముల ఏర్పాట్లు చూడవలసి వచ్చెను.

తుఫాను వచ్చుచున్నదని అప్పుడు తెలియకపోలేదు. 1970వ దశకపు ఆరంభముననే తీరరాష్ట్రములలో తుఫాను బాధా నివారణ సంఘములు ఏర్పడియుండెను. సంఘము ఏర్పడినది, అధ్యయనము జరిగినది. దివిసీమలోని కూలివానికి మాత్రము ఎక్కుటకు ఒక మేడ లేకపోయెను. మన కార్యాలయములలో పనిచేయువారికి ఇది వింత కాదు. నివేదిక అచ్చయిన దినమే పని పూర్తియైనట్లు తోచుట మన వృత్తిలోని జాడ్యము.

1977 తరువాత కట్టడములు వచ్చినవి. ప్రభుత్వమును, స్వచ్ఛంద సంస్థలును తీరమున తుఫాను రక్షణ కేంద్రములు కట్టించిరి. 1990 మే 9న కృష్ణానది ముఖద్వారమునకు సమీపమున మరల పెద్ద తుఫాను తీరము దాటెను. లక్షలమందిని ముందుగానే తరలించిరి. చనిపోయినవారు వేయిమందికి లోపు. అదియు చిన్న సంఖ్య కాదు. కాని పదివేలతో పోల్చి చూడుడు. తుఫానులన్నియు ఒక తీరున నుండవు గనుక ఈ తగ్గుదల యంతయు భవనముల చలవయే అనుట న్యాయము కాదు. అయినను హెచ్చరిక, వాహనము, ఎత్తయిన గట్టి కప్పు, ఈ మూడును కలిసినచో ప్రాణములు దక్కునని ఋజువయినది.

ఇక ధనము మాట. మన గణాంక పద్ధతిలో ప్రకృతి వైపరీత్యములకు 2245 అను పద్దు కలదు. దాని పేరులోనే "సహాయము" ఉన్నది గాని "రక్షణ" లేదు. పూర్వము రెండవ ఆర్థిక సంఘము కాలమునుండి, రాష్ట్రములు వైపరీత్యముల కొరకు కొంత సొమ్ము విడిగా నుంచుకొను పద్ధతి ఏర్పడినది. అది చాలనప్పుడు కేంద్రమునకు విన్నపము, కేంద్రబృందపు పర్యటన, అంచనా, బేరము, మంజూరు. ఎండిన చేనును, కూలిన గోడను చూపింపక ధనము రాదు. తొమ్మిదవ ఆర్థిక సంఘము సిఫారసుపై 1990లో వైపరీత్య సహాయనిధి వచ్చినది. అందువలన కనీసము ప్రతి సంవత్సరము ఇంత సొమ్ము ఉండునని రాష్ట్రమునకు ముందుగా తెలిసినది. అదియు సహాయనిధియే, ఆపద గడచిన తరువాత తెరచు పెట్టె.

2005లో విపత్తు నిర్వహణ చట్టము వచ్చినది. ఈ చట్టమును మన సోదరులు ఒకమారు చదువవలెనని కోరుచున్నాను. దాని ప్రకారము ప్రతి జిల్లాకు కలెక్టరు అధ్యక్షుడుగాను, జిల్లా పరిషత్తు అధ్యక్షుడు సహాధ్యక్షుడుగాను ఒక ప్రాధికార సంస్థ యుండవలెను. జిల్లా ప్రణాళిక ఉండవలెను. సహాయమునకు వేరు నిధి, ఆపదను ముందుగా తగ్గించుటకు వేరు నిధి ఉండవలెను. రాష్ట్రములోనే కాదు, జిల్లాలో కూడ ఉండవలెను. చట్టములో ఇంత స్పష్టముగా నున్న జిల్లానిధి ఆచరణలో అంత స్పష్టముగా కానరాదు. రాష్ట్రము తన సంచిని జిల్లాకు విప్పుటకు ఇష్టపడదు. కేంద్రము తన సంచిని రాష్ట్రమునకు విప్పుటకు ఇష్టపడదు. ఈ గుణమున మనమందరము ఒక కుటుంబమువారమే.

నిజమైన మార్పు పదునైదవ ఆర్థిక సంఘముతో వచ్చినది. 2021 నుండి 2026 వరకు అయిదు సంవత్సరములకు రాష్ట్రముల విపత్తు నిధులకై మొత్తము 1,60,153 కోట్ల రూపాయలు లెక్కకట్టిరి. సామాన్య రాష్ట్రములలో అందు మూడు వంతులు కేంద్రమును, ఒక వంతు రాష్ట్రమును భరించును. ఆ మొత్తమును విభజించిన తీరు గమనింపదగినది. నూటికి 40 రూపాయలు తక్షణ సహాయమునకు, 30 పునర్నిర్మాణమునకు, 10 సన్నాహమునకును శిక్షణకును, 20 ఆపదను తగ్గించు పనులకు. అనగా డెబ్బది రూపాయలు ఆపద వచ్చిన తరువాత, ముప్పది రాకముందు. వెనుకటి పద్ధతిని ఎరిగిన మాబోంట్లకు ఈ ముప్పది పెద్ద విజయముగా తోచును. తగ్గింపు పనులకు మాత్రమే 32 వేల కోట్లు! అయినను ఒక సంగతి చెప్పక తప్పదు. విపత్తులో మనిషి మరణించినచో కుటుంబమునకు ఇచ్చు సహాయము 2015 నుండి 4 లక్షల రూపాయలుగా నిర్ణయింపబడినది. ఇయ్యవలసినదే, ఎవరును కాదనరు. ఆ మనిషిని బ్రతికించుటకు ఏటేట ఎంత వ్యయము చేయవలెనో చెప్పు అట్టి స్పష్టమైన అంకె మాత్రము ఏ పట్టికలోను లేదు.

ఎందుకు లేదు? మన ఖజానా కట్టడమును ప్రేమించును, కావలివానిని ప్రేమింపదు. కట్టడమునకు శంకుస్థాపన కలదు, శిలాఫలకము కలదు, ఛాయాచిత్రము కలదు, పూర్తియైనదని వినియోగ ధ్రువపత్రము కలదు. కట్టిన మేడకు ఏటేట సున్నము వేయుటకు, జనరేటరులో డీజిలు పోయుటకు, నీటితొట్టి కడుగుటకు, మరుగుదొడ్డి తలుపు బిగించుటకు శిలాఫలకము లేదు. చాలకాలము మన బడ్జెటులో ప్రణాళికా వ్యయము, ప్రణాళికేతర వ్యయము అని రెండు కులములుండెను. కొత్త మేడ ప్రణాళిక. దాని మరమ్మతు ప్రణాళికేతరము. మొదటిదానికి అందరును బంధువులు, రెండవదానికి పొదుపు ఉత్తరువులు. 2017-18 బడ్జెటునుండి ఆ విభజన పోయినది. పేరు పోయినంత సులభముగా అలవాటు పోలేదు.

సముద్రపు గాలి ఇనుమును ఎట్లు తినునో తీరవాసులకు చెప్పనక్కరలేదు. సిమెంటు పగిలి, లోని ఊచలు తుప్పుపట్టి ఉబ్బి, పెచ్చులు రాలును. 1977 తరువాత కట్టిన కేంద్రములలో అనేకము ఇట్లే శిథిలమైనవి. కొన్ని గడ్డివాములకును, వలలకును నిలయములైనవి. కొన్నింటికి తాళములు పడినవి. ఒక కేంద్రమును గూర్చిన ఫైలులో ఇట్టి ఉత్తరప్రత్యుత్తరములు చూచియున్నాను: కట్టినది ఒక శాఖ, వాడుకొనునది వేరొక శాఖ, స్థలము మూడవవారిది. మరమ్మతు ఎవరు చేయవలెనని మూడేండ్లు వ్రాసికొనిరి. ఈలోగా తాళపుచెవి ఎవరి యింట నున్నదో ఏ ఉత్తరములోను ఎవరును అడుగలేదు. రాత్రి రెండు గంటలకు గాలి హోరున వీచునప్పుడు ఆ ఊరికి కావలసినది ఆ తాళపుచెవియే గదా.

ఈ విషయమున మన పొరుగువారిని చూచి నేర్చుకొనవలసినది కలదు. 1970 నవంబరు తుఫానులో నేటి బంగ్లాదేశ్ తీరమున మూడులక్షలకు పైగా మరణించిరి. 1972లో రెడ్‌క్రాసు సహాయముతో అచట ఒక సంసిద్ధతా కార్యక్రమము మొదలైనది. ఊరూర స్వచ్ఛంద సేవకులు, చేతిమైకులు, జెండాలు, సైకిళ్లు. ఖరీదైనది ఏదియు లేదు. కాని ప్రతి సంవత్సరము జరుగుచుండవలెను. 1991 ఏప్రిల్ తుఫానులో మరల లక్షకు మించి చనిపోయిరి. కేంద్రములు చాలవనియు, వచ్చుటకు స్త్రీలు జంకుచున్నారనియు అప్పుడు తెలిసినది. మగవారితో కిక్కిరిసిన గదిలోనికి, మరుగుదొడ్డి లేని మేడకు, చంటిబిడ్డతో ఏ తల్లి పోవును? ఇది ఇంజనీరు గీసిన పటములో తోచని ప్రశ్న. తరువాత కేంద్రములును పెరిగినవి, స్త్రీసేవికలును పెరిగిరి. 2007 నవంబరులో సిద్ర్ అను భయంకరమైన తుఫాను వచ్చినప్పుడు మృతులు కొన్ని వేలలో ఆగిరి.

ఒడిశా కథ మనకు మరింత సమీపము. 1999 అక్టోబరు 29 నాటి మహాతుఫానులో సుమారు పదివేలమంది పోయిరి. ఆ ఏడాది చివరనే రాష్ట్రము ఇందుకై ప్రత్యేక సంస్థను నెలకొల్పెను. కేంద్రములను బడులుగా వాడిరి. పిల్లలు దినదినము కూర్చుండి చదువుకొను భవనము తలుపు తెరుచుకొనియే యుండును, ఊడ్చియే యుండును. వాడుక లేనిదే పాడుపడును. ప్రతి కేంద్రమునకు గ్రామస్థులతో నిర్వహణ సంఘమును, నిర్వహణకు మూలనిధియు ఏర్పరచిరి. రక్షణ, ప్రథమచికిత్స నేర్చిన యువకదళములను సిద్ధపరచిరి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురము వద్ద తీరము దాటినప్పుడు పదిలక్షలమందివరకు తరలించిరి. మృతుల సంఖ్య యాబదికి లోపు. 2011లో కేంద్రము ఆంధ్రప్రదేశ్, ఒడిశా రాష్ట్రములకు ప్రపంచబ్యాంకు ఋణముతో 1,496 కోట్ల అంచనాపై తుఫాను ప్రమాద నివారణ పథకమును మంజూరు చేసినది. కేంద్రములు, వానికి దారులు, వంతెనలు, ఉప్పునీటి కరకట్టలు అందులోనివి. దారి అనునది చిన్న మాట కాదు. మోకాటిలోతు బురదలో ముసలితల్లిని మోసికొని మైలుదూరము పోవలసిన కేంద్రము ఉన్నను లేనట్లే.

అయితే ఒకచోట నేర్చిన పాఠము వేరొకచోట సరిపడుననుకొనరాదు. 1990 అనుభవము మనకు ధైర్యమిచ్చినది. 1996 నవంబరు 6న కోనసీమకు వచ్చిన తుఫాను ఆ ధైర్యమును హరించినది. అది చిన్నది, చురుకైనది; చనిపోయిన వేయిమందికి పైగా జనములో సముద్రముమీద నున్న మత్స్యకారులు చాలమంది. ఒడ్డుమీది మేడ నడిసముద్రమందలి పడవకు ఏమి చేయును? వారికి కావలసినది పడవలోనికి చేరు వార్త. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళమున ఉద్దానము కొబ్బరి, జీడితోటలను పడగొట్టెను. ప్రాణములకు రక్షణ కేంద్రమున్నది. కొబ్బరిచెట్టుకు ఏ కేంద్రమున్నది? చెట్టు నాటి, కాపునకు వచ్చువరకు ఏండ్లు పట్టును. ఈ నడిమి ఏండ్లలో ఆ కుటుంబము ఏ పట్టణమునకో వలస పోవును. ఇది కూడ రక్షణ సమస్యయే. కాని దీనికి వేరే ప్రసంగము కావలెను.

పాతకాలమున ఊరికి తలారి, వెట్టివాడు ఉండెడివారు. టముకు వేసి వార్త చెప్పుట వారి పని. ఆ వ్యవస్థను పొగడుట నా ఉద్దేశము కాదు. అది వంశపారంపర్యపు బరువు. వెట్టి అను పేరులోనే దాని అన్యాయము కలదు. కరణము, మునసబు పదవులు 1984లో రద్దయినప్పుడు ఊపిరి పీల్చుకొనిన కుటుంబములు ఎన్నియో కలవు. అయినను ఒక్క మాట. ఆ రోజులలో "ఈ పని ఎవరిది?" అని అడిగినచో ఊరిలో ఒక మనిషిని చూపగలిగెడివారు. నేడు ఆ ప్రశ్నకు ఒక సంఘమును, ఒక ఉత్తరువును, ఒక టెలిఫోను నంబరును చూపుచున్నాము. దేశమంతట లక్షమంది "ఆపదమిత్రుల"ను తయారుచేయుటకు 369 కోట్లతో కేంద్రము తలపెట్టిన పథకము ఈ లోటును కొంత పూరించునది. శిక్షణ, పనిముట్ల సంచి, భీమా ఇచ్చుట మంచిదే. శిక్షణ పొందిన యువకుడు మూడవ ఏట ఉద్యోగమునకై హైదరాబాదు పోయినచో అతని స్థానమున మరియొకనికి నేర్పు సొమ్ము పథకము ముగిసిన తరువాత ఎచటిది? అదియే నా ప్రశ్న.

పంచాయతీల వద్ద సొమ్ము బొత్తిగా లేదనరాదు. పదునైదవ ఆర్థిక సంఘము 2021-26 కాలమునకు గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు సిఫారసు చేసినది. అందు నూటికి 60 తాగునీటికిని పారిశుద్ధ్యమునకును కట్టివేయబడినవి. తక్కిన 40 స్థానిక అవసరములకు వాడవచ్చును. కాని జీతములకును, కార్యాలయ ఖర్చులకును వాడరాదు. ఈ నిషేధమునకు కారణము నాకు తెలియును. తలుపు తెరచినచో సొమ్మంతయు జీతములకే పోవుననుభయము. అది అకారణమైన భయము కాదు. అయినను ఫలితము చూడుడు. పంచాయతీ ఆ సొమ్ముతో కేంద్రమునకు సున్నము వేయవచ్చును, జనరేటరు బాగుచేయవచ్చును. ఆ జనరేటరును నెలకొకసారి నడిపి చూచు మనిషికి నెలజీతము ఏర్పరుపజాలదు. గోడకు డబ్బున్నది, చేతికి లేదు. సన్నాహమునకై కేటాయించిన ఆ పదవవంతునుండి తీరగ్రామములకు ప్రతి సంవత్సరము తప్పక చేరు ఒక చిన్న మొత్తమును ఏర్పరచి, కేంద్రపు సంరక్షకునికి గౌరవవేతనమును, ఏడాదికి రెండుమారులు తరలింపు అభ్యాసమును జరుపుట సాధ్యమని నా అభిప్రాయము. ఇది ప్రభుత్వపు అభిప్రాయము కాదు, నాది మాత్రమే. అభ్యాసము ఎప్పుడు చేయవలెనో కూడ చెప్పెదను. మన తీరమునకు తుఫానుల ఋతువులు రెండు: ఏప్రిల్ నుండి జూన్ వరకు, అక్టోబరు నుండి డిసెంబరు వరకు. మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి.

మార్చి అనగానే మన కార్యాలయములవారు నవ్వుదురు. అది మిగిలిన సొమ్మును తొందర తొందరగా వ్రాసివేయు మాసము. ఆ తొందరలోనే అభ్యాసము కూడ జరిగినచో నాకేమియు ఆక్షేపణ లేదు.

ఒక చివరి సంగతి. గ్రామపంచాయతీలు తమ అభివృద్ధి ప్రణాళికను ప్రజలతో కూర్చుండి తయారుచేయు ఉద్యమమును 2018లో అక్టోబరు 2న, గాంధీజయంతినాడు ప్రారంభించిరి. గ్రామసభలు జరుగుట, రాబోవు సంవత్సరపు పనులు వ్రాసికొనుట తరువాతి నెలలలో సాగినది. 2022లో పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ ప్రకటించిన విపత్తు నిర్వహణ ప్రణాళిక కూడ, ఆపదలకు సన్నాహము గ్రామప్రణాళికలో చేరవలెనని చెప్పుచున్నది. అక్టోబరు, నవంబరు మాసములనగా సరిగా మన తీరమున వాయుగుండములు పుట్టు రోజులు. ఆకాశము మబ్బు పట్టియుండగా గ్రామసభ కూర్చుండి పనుల పట్టిక వ్రాయును. ఆ పట్టికలలో సిమెంటు రోడ్లు, మురుగుకాలువలు, వీధిదీపములు విధిగా చోటుచేసికొనును. రక్షణ కేంద్రపు సాలుసరి నిర్వహణ అని, ఇంత మొత్తమని, ఫలానివారి బాధ్యత అని ఒక పంక్తి మాత్రము తరచుగా లోపించును. మనలో తీరగ్రామములవారు తమ పంచాయతీ ప్రణాళికను తెప్పించి చూడవచ్చును. అవి ఇప్పుడు బహిరంగముగానే దొరకును. ఆ పంక్తి లేనిచోట, గ్రామసభ జరుగుటకు ముందే సర్పంచిగారికి ఒక జాబు వ్రాయుడు. తాళపుచెవి ఎవరి వద్ద నున్నదని కూడ ఆ జాబులో అడుగుడు.